పోసే మనిషి కనపడొద్దు

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి మొదట వచ్చింది ముక్కిపోయిన నూనె. మా రజిత దాన్ని చిన్న సీసాలో పోసుకుని, హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కనే పెట్టుకుని తెచ్చింది. మూత తీయగానే నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను.

"ఇదేందే, పారబొయ్యక ఇంటికి తెచ్చినవ్?"

"రేపు క్లాసుకు గావాలమ్మా. పిల్లలకు వాసన చూపిస్త."

రజిత యూనివర్సిటీ కాలేజీలో ఫుడ్ సైన్స్ చెబుతుంది. తిండి ఎందుకు పాడవుతుంది, ఎలా నిలవ ఉంటుంది, రుచిని ఎలా పరీక్షిస్తారు, ఇవీ ఆ పాఠాలు. గెస్ట్ లెక్చరర్ అంటారు. వచ్చే ఏడు మళ్ళీ పిలుస్తారో లేదో తెలియని ఉద్యోగం. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని నేను, దాని పాఠాల గురించి నాకేం తెలుస్తుంది? భయపడటం మాత్రం తెలుసు.

"ఆ వాసనకు ఎవలకన్న కక్కులైతె? వాళ్ళ అమ్మానాయినలొచ్చి నీ మీద పడ్తరు. నిన్ను తీసేస్తరు."

వెనక కుర్చీలో కూర్చున్న మా ఆయన నవ్వాడు. "తీసేసిన్రు. పోలీసులు సుత వచ్చిన్రు. పేపర్ల ఫోటో పడ్డది. ఇంకేమన్న ఉన్నదా అనసూయా?"

రజిత నవ్వలేదు. చెప్పులు విప్పుకుంటూ చెప్పింది. "పరీక్షల అడిగిన నాన్న, నూనె ముక్కిపోవుడంటే ఏందని. అందరు పేజీలు నింపిన్రు. పేపర్లు తిరిగిచ్చేటప్పుడు అడిగిన, మీల ఎవరన్న ఆ వాసన చూసిన్రా అని. ఒక్క చెయ్యి లేవలే. ఇన్నొద్దులు నేను తెర మీద చూపిచ్చిందంతా వాళ్ళు బుర్రకు ఎక్కిచ్చుకుంటున్రు, మళ్ళ పేపర్ల దింపేస్తున్రు. గంతే."

మా ఆయన సీసా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను కొంగుతో ముక్కు మూసుకుని ఉన్నాను. అప్పుడు మొహం చిట్లించి, "అబ్బ, మస్తు ముక్కింది" అని మూత పెట్టేశాడు.

ఆయన పేరు తిరుమల్. రెజిమెంటల్ బజార్‌లో బాబూరావు గారి టీపొడి దుకాణంలో పొడి కలిపే పని. మా పెళ్ళి నాటికే అందులో ఉన్నాడు. బస్తాల్లో రకరకాల పొడులు వస్తాయి. ఒక్కోదాన్నీ చిటికెడు తీసి వాసన చూసి, తెల్ల కప్పులో మరిగిన నీళ్ళు పోసి రుచి చూసి, దేంట్లో ఏది ఎంత కలపాలో చెప్పాలి. హోటళ్ళవాళ్ళకి ఈ నెల ఏ రుచి ఇచ్చారో వచ్చే నెలా అదే ఇవ్వాలి. తేడా వస్తే గిరాకీ పోతుంది. ఆయన చొక్కాలు నానబెడితే బకెట్లో నీళ్ళు టీ రంగుకి తిరిగేవి.

ఆ ముక్కు మీద నాకు ఎంత నమ్మకమంటే, ఇంటికి తాళం వేసే ముందు ఆయన్ని వంటింట్లోకి పంపేదాన్ని. గ్యాసంటే నాకు చచ్చేంత భయం. భయపడేవాళ్ళ ముక్కుకి లేని వాసన కూడా వస్తుంది. అందుకని "జెర వాసన చూసి రాండ్రి" అంటే, ఆయన వెళ్ళి చూసి వచ్చి, "ఏం లేదు, పా" అని బయలుదేరమనేవాడు. అప్పుడే నేను తాళం వేసేదాన్ని.

నూనె క్లాసులో ఎవరికీ వాంతులు కాలేదు. ఆ రోజు రజిత ఇంటికి వచ్చిన తీరే వేరు. కంచం ముందు కూర్చుని కూడా తినకుండా చెబుతూనే ఉంది. సీసాలు తిప్పుతూ ఒక్కొక్కరినీ ముందే అడిగిందట, ఇందులో ఏది ఎన్నాళ్ళదో చెప్పండని. తప్పు చెప్పినవాళ్ళని ఎందుకలా అనిపించిందో పక్కవాళ్ళకి వివరించమందట. ఆషర్ అని ఎప్పుడూ వెనక బెంచీలో నిద్రపోయే పిల్లవాడు, వాళ్ళ మేనత్త ఇంట్లో పల్లీల డబ్బా ఇదే వాసన వస్తుందని అన్నాడట. అక్కడి నుంచి గాలి, వెలుతురు, మూత అంటూ పాఠమంతా పిల్లలే లాగారట.

"నేను చెప్పింది తక్కువమ్మా. అడిగింది ఎక్కువ."

"మరి మీ పెద్ద మేడం ఏమన్నది?"

"గ్రేసీ మేడమా? కారిడార్ల ఆపి అడిగింది. రజితా, ఇది క్లాసా, కిచెనా అని."

అంతే, ఇక పిలవరు అనుకున్నాను. ఆ మాటే అంటే, "నీకు అన్నం కంటే ముందు భయం ఉడుకుతది" అని మా ఆయన దాని పళ్ళెంలో పెరుగు వేశాడు.

ఆ తర్వాత రుచి పరీక్షల పాఠం. దానికోసం రజిత ఆదివారాలు మా మీద అభ్యాసం చేసేది. పద్ధతి చిన్నదే. మూడు గ్లాసుల్లో టీ పోయాలి. రెండింట్లో ఒకటే టీ, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో తాగి చెప్పాలి. సీతాఫల్‌మండిలో మా చిన్న ఇంట్లో స్థలం ఎంత ఉంటుంది? నేను పొయ్యి దగ్గర పోసి తెచ్చి, చాప మీద ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన ఒక్కో గ్లాసూ ఎత్తేవాడు, వాసన చూసేవాడు, గుటక వేసేవాడు. ఏ ఆదివారమూ తప్పలేదు. ఒకసారి రజిత రెండు పొడులూ దాదాపు ఒకేలా ఉన్నవి తెచ్చింది. పోసిన నాకే తేడా తెలియలేదు, గ్లాసు మీద ఉన్న చిన్న నొక్కు గుర్తుపెట్టుకున్నాను కాబట్టి ఏది వేరేదో తెలుసు. ఆయన దాన్నే ముట్టుకుని "ఇది" అన్నాడు.

రజిత చప్పట్లు కొట్టింది. "నాన్న, నువ్వు మా క్లాసుకు రావాలె. పిల్లలతోని కూసొని తాగాలె."

"నేనేంది, కాలేజేంది. ఇంగ్లీషుల ఏమన్న అడిగితె?"

"ఎవ్వరు అడగరు. పుస్తకంల నాలుక బొమ్మ ఉంటది నాన్న. నాలుకతోని బతికే మనిషిని వాళ్ళు ఎన్నడన్న చూసిన్రా?"

"దుకాణం ఇడిచిపెట్టి రాలేను బిడ్డా." 

అది మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ ఒద్దన్నాడు. కూతురు ఏది అడిగినా కాదనని మనిషి అంతగా ఎందుకు మొరాయిస్తున్నాడో నాకు అర్థం కాలేదు. బిడియం అనుకున్నాను. క్లాసు రోజు గ్రేసీ మేడం వెనక కూర్చుని చూస్తుందని రజిత చెప్పాక నాకు కాలు నిలవలేదు. "పోరాదుండ్రి. దాని నౌకరీ నిలబడ్తది" అని నేనే వెంటపడ్డాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "నువ్వు సుత వస్తెనే వస్త" అన్నాడు.

నన్ను రమ్మనకపోయినా వెళ్ళేదాన్నే. మెట్ల మీద జారతాడేమో, టీ వేడికి ఏ పిల్ల నోరైనా కాలుతుందేమో, నేను లేకపోతే ఎలా?

ఆ రోజు కాలేజీ గదిలో కిటికీలకి, ట్యూబులైట్లకి ఎర్రని జెలటిన్ కాగితం అంటించారు. టీ రంగు చూసి ఎవరూ పోల్చుకోకూడదని. ఆ వెలుతురులో అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. పిల్లలు మా ఆయనకి ముందు వరసలో కుర్చీ వేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక బెంచీలో గ్రేసీ మేడం కళ్ళజోడు తుడుచుకుంటోంది.

గది మూలన దుప్పటి ఒకటి తెరలా కట్టి ఉంది. రజిత నన్ను దాని వెనక్కి తీసుకెళ్ళి ఫ్లాస్కులు, నంబర్లు రాసిన కాగితం కప్పులు చూపించింది. ఏ నంబరులో ఏ టీ పోయాలో చెప్పింది. యోగిత అనే అమ్మాయి బయట నిలబడితే ట్రేలు అందించాలి. తను కూడా తెర లోపలికి రాకూడదు.

"ఇంట్ల లెక్క మీ నాయిన ఎదురుగ కూసుంటనే" అన్నాను. "ఈడ నాకేం కనవడ్తలేదు."

"కనవడొద్దమ్మా. అదే పద్ధతి."

తర్వాత అది బయటికి వెళ్ళి పిల్లలకి చెప్పడం మొదలుపెట్టింది. "టీ పోసే మనిషికి తెలుసు, ఏది వేరేదో. తెలిసిన మొహం ఊకోదు, చెప్పేస్తది. అందుకే పోసే మనిషి కనపడొద్దు. తెచ్చే మనిషికి తెలువొద్దు. నాకు సుత తెలుసు కాబట్టి, మీరు తాగేటప్పుడు నేను బోర్డు దిక్కు తిరుగుత. మా అమ్మ మొహమైతే ఇగ అడగొద్దు, నా మార్కులు నాకంటే ముందు వాడకట్టుకు దాని మీదనే తెలిసేటియి."

పిల్లలు నవ్వారు. దుప్పటికి పక్కన సందు ఉంది. అందులోంచి మా ఆయన కనిపించాడు. ఆయన నవ్వలేదు. తెర వైపు చూస్తున్నాడు. నేను కనిపించనని తెలిసి కూడా చూస్తున్నాడు.

"ముందుగాల అల్కటిది" అంది రజిత. "తర్వాత కష్టమైనయి. అనిపించిన నంబర్ రాయండ్రి. రాసినంక కొట్టేసుడు లేదు. తప్పు సుత మనకు అక్కరకొస్తది."

మొదటిదాంట్లో వేరే టీ యాలకుల టీ. పొద్దున నేనే దంచి వేశాను. ఫ్లాస్కు మూత తీస్తే తెర వెనకంతా అదే వాసన. ఇది పరీక్షేమిటి, పసిపిల్లలు కూడా చెబుతారు అనుకున్నాను. గ్రేసీ మేడం ఇదేం క్లాసని నవ్వుతుందేమోనని కూడా అనుకున్నాను. నా భయమంతా ఆ వెనక బెంచీ వైపే ఉంది.

ట్రేలు వెళ్ళాయి. సందులోంచి చూస్తున్నాను. మా ఆయన మొదటి కప్పు ఎత్తి వాసన చూసి దించాడు. రెండోది. మూడోది. మళ్ళీ మొదటిది. పిల్లలు అప్పటికే రాసేసి కలాలు పెట్టేశారు. ఆయన మూడు కప్పులూ వరసగా పెట్టి, ఒక్కోదాని మీదా చెయ్యి ఆనించి, ప్రతిసారీ తెర వైపు తల ఎత్తాడు. బోర్డు వైపు తిరిగి ఉన్న కూతురి వీపు చూశాడు. అప్పుడు రాశాడు.

రజిత నంబర్లు అడుగుతూ బోర్డు మీద గీతలు పెట్టింది. ఒకటే నంబరు కింద అన్ని గీతలూ వరసగా పడ్డాయి. చివరికి మా ఆయన దగ్గరికి వచ్చి కాగితం తీసుకుంది. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి బోర్డు దగ్గర ఆగింది.

"మేడం, అంకుల్‌ది ఎంత?" అన్నాడు ఆషర్.

అది చెప్పింది. ఇంకెవరూ చెప్పని నంబరు.

గదంతా నవ్వు. "అంకుల్ మనల్ని టెస్ట్ చేస్తుండు మేడం" అన్నాడు ఆషర్. "మనం ఆయన్ని చూసి మార్చుకుంటమో లేదో అని." గ్రేసీ మేడం కూడా నవ్వింది. యోగిత చప్పట్లు కొట్టింది. ఆయన కూడా పెదవులు కదిపాడు. ఆ నవ్వు వెంట ఆయన కూడా నవ్వేసి ఉంటే అక్కడితో అయిపోయేది. రజిత డస్టర్ అందుకుంది.

"తుడువకు బిడ్డా" అన్నాడు. "నేను ఆటకు రాయలే. నాకు తెల్వలే."

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. కొంచెం కొంచెంగా ఆగింది.

"కొట్టేసుడు లేదన్నవ్ గదా. రాయి."

రజిత రాసింది. ఆ నంబరు కింద ఒంటరిగా ఒక గీత. గీసిన తర్వాత కూడా చాలాసేపు ఇటు తిరగలేదు. పిల్లలు దాన్ని చూస్తూ కూర్చున్నారు. తిరిగాక, "రెండోది షురూ చేద్దాం" అంది. గొంతు మామూలుగానే ఉంది. నేను ఫ్లాస్కు వంచితే కప్పులో పడాల్సిన టీ నా చేతి మీద పడింది.

ఆయన మధ్యలో లేవలేదు. అన్ని కప్పులూ తాగాడు. అన్నిసార్లూ రాశాడు. ఒకసారి ఒప్పు పడింది. పిల్లలు కష్టమన్నదాంట్లో. ఆషర్ "చెప్పిన గదా" అన్నాడు. మా ఆయన వాడికేసి చూసి, "గుడ్డిగ పడ్డది" అన్నాడు.

వెళ్ళేటప్పుడు గ్రేసీ మేడం మెట్ల దగ్గర రజిత భుజం మీద చెయ్యి వేసింది. "గుడ్ క్లాస్. వచ్చే సంవత్సరం కూడా నువ్వే చెప్పు. ఇట్లాగే చెప్పు." నేను అన్ని రోజులు ఏ మాట కోసం ప్రాణం ఉగ్గబట్టుకున్నానో ఆ మాట. మేం ముగ్గురం మెట్లు దిగుతున్నాం. నా కళ్ళు ఆయన కాళ్ళ మీదే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక రజిత ఆయన ముందు కింద కూర్చుంది.

"ఎప్పటిసంది నాన్న?"

"చలికాలం నుంచి. సర్ది అనుకున్న. పోతదిలే అనుకున్న."

"మరి దుకాణంల?"

"బాబూరావు సేటు నాతోపాటు తాగుతడు. ముందుగాల ఆయన్ని తాగనిస్త. మొకం చూసి చెప్తున్న. గుర్తున్న లెక్కలతోని కలుపుతున్న. ఇంక ఎన్నొద్దులు నడుస్తదో తెల్వదు."

"ఇంట్ల ఎప్పుడు తప్పు చెప్పలే గదా నువ్వు."

ఆయన నా వైపు చూశాడు. "మీ అమ్మ ఉన్నది గదా. వేరే గ్లాసు మీద చెయ్యి పెట్టంగనే ఊపిరి ఆపుతది."

రజిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. "క్లాసుల మొదటి మాట అదే చెప్పిన. ఇంట్ల మాత్రం ఎదురుగ కూసోబెట్టిన."

నాకు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వస్తున్నాయి. నూనె సీసా. ముద్ద నోట్లో పెట్టుకుని నన్ను చూసి, "ఉప్పు సరిపోయింది" అనే మాట. విరిగిన పాలు తాగేసి ఏమీ అనని రోజు. ఇంకా ఒకటి ఉంది. చివరికి అడిగాను.

"మరి గ్యాసు?"

తల దించుకున్నాడు. "ముక్కుతోని చూడలే. చేతితోని చూసిన. పొయ్యి చెవులు తిప్పి చూస్తుంటి. సిలిండర్ బంద్ చేస్తుంటి. మళ్ళ ఒక్కసారి ముట్టి చూసి వస్తుంటి. నిన్ను పరేషాన్ చేసుడు ఎందుకని."

ముక్కు డాక్టర్ నరాల డాక్టర్ దగ్గరికి పంపాడు. నరాల డాక్టర్ ఆయన్ని నడవమన్నాడు, వేళ్ళు కలిపి విప్పమన్నాడు, పేరు రాయమన్నాడు. పోయిన వాసన తిరిగి రాకపోవచ్చని చెప్పాడు. కొందరిలో చేతుల వణుకు జబ్బుకి ముందు ఇలా ముక్కు పోతుందని, అందరికీ అలా కాదని, ఇప్పుడే ఏదీ గట్టిగా చెప్పలేమని అన్నాడు. "చూస్తూ ఉండండమ్మా" అని నాతో అన్నాడు. నాకు చెప్పాలా? అప్పటి నుంచి ఆయన గ్లాసు పట్టుకుంటే బొటనవేలు చూస్తాను. చూస్తున్నానని తెలిసి ఆయన గ్లాసు కింద పెట్టేస్తాడు.

బాబూరావు గారికి ఆయనే చెప్పాడు. సేటు మంచివాడే. "గల్లా దగ్గర కూసో తిరుమల్, నువ్వు లేని దుకాణం ఏంది" అన్నాడట. కొన్నాళ్ళు కూర్చున్నాడు. కొత్తగా కలపడానికి వచ్చినతను చిటికెడు పొడి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడల్లా తను తల తిప్పుకోవాల్సి వస్తోందని ఒకరోజు తువ్వాలులో తన తెల్ల కప్పు చుట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. చొక్కాలు నానబెడితే నీళ్ళు నీళ్ళలాగే ఉంటున్నాయి.

పరీక్షలు అయ్యాక ఆషర్ వచ్చాడు, మామిడిపళ్ళ సంచీ పట్టుకుని. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అంకుల్, ఆ రోజు నేను నవ్విన."

"నువ్వు నవ్వినందుకే చెప్పిన బిడ్డా. గట్ల నవ్వకపోతె, కూసొని ఇంకో అబద్ధం ఆలోచిస్తుంటి." పండు ఒకటి తీసుకుని, వేళ్ళతో నొక్కి చూసి, వాడి మొహం కేసి చూశాడు. "ఇది మంచిగుంటది" అన్నాడు. ఆషర్ గబుక్కున తల ఊపాడు.

వానలు మొదలయ్యాక రజితని మళ్ళీ తీసుకున్నారు. కొత్త పిల్లలకి కూడా తెర కట్టి టీ పోయిస్తోంది. తెర వెనక యోగిత పోస్తుందట. నేను మళ్ళీ వెళ్ళలేదు.

మొన్న మల్కాజ్‌గిరిలో మా ఆడబిడ్డ మనవడి పుట్టినరోజుకి బయలుదేరాం. చెప్పులు వేసుకుని తాళం చేతిలో పట్టుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు, మాట నోటి నుంచి జారిపోయింది.

"జెర వాసన చూసి రాండ్రి."

అన్నాక తెలిసింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆయన నన్ను చూసి, చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్ళాడు. అంతకుముందే నేను సిలిండర్ కట్టేశాను, నిలబడి వాసన చూశాను, మళ్ళీ వెళ్ళి చూశాను. లోపల పొయ్యి చెవులు ఒక్కొక్కటీ టిక్కుమన్నాయి. తర్వాత చప్పుడు లేదు.

బయటికి వచ్చి గుమ్మంలో నా ఎదురుగా నిలబడ్డాడు. చేతులు పక్కన పెట్టుకుని నా మొహం చూస్తున్నాడు. కొంగు కూడా సర్దుకోకుండా, ఆయనకి బాగా కనపడేలా వెలుతురు వైపు తిరిగి నిలబడ్డాను.

"ఏం లేదు, పా" అన్నాడు.

తాళం వేశాను.